మా యింటి రెండు కుక్కలు

మార్కాపురము పలకలకు పేరుగన్న ఊరు. ఒకప్పుడు ఎందరో తెలుగు బిడ్డలు ఇచటి గనులలోని రాతి పలకల మీదనే ఓనమాలు దిద్దిరి. అట్టి రాతిబండ యొకటి మా పెరటిలో వేపచెట్టు క్రింద పడియున్నది. మండువేసవిలో ఊరెల్ల కాగిపోవుచున్నను, నీడనున్న ఆ బండ చల్లగా నుండును. మా మోతి మధ్యాహ్నమగుసరికి దానిమీద చేరి నిద్రించుచుండెడిది. తొమ్మిదేండ్లుగా ఆ బండ మోతిదే. అందులకు ఎవరును ఎదురు చెప్పలేదు.

అట్లుండగా గిద్దలూరు నుండి మా మేనల్లుడు ఒక కుక్కపిల్లను గంపలో బెట్టి తెచ్చెను. అది నల్లమల అంచున గొర్రెల మందను కాచు కుక్క కడుపున బుట్టినది. దానికి సింగడని పేరు పెట్టితిమి. అది చెవులు కొరికినను, తోక పట్టి లాగినను మోతి ఓర్చుకొనెను. కాని ఏడాదిన్నర గడచి సింగడు ఒడ్డును పొడవునెదిగిన పిమ్మట కథ మారెను. సింగడు బండనెక్కబోవును, మోతి గుర్రుమనును, మరుక్షణమున రెండును కలియబడును.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లల తగవులు తీర్చినవాడను. ఈ తగవు నాకొక లెక్కయా యనుకొంటిని. మొదట గుర్రుమన్నదెవరు? మోతి. వయసున పెద్దదెవరు? అదియు మోతియే. పెద్దది ముందుగా కయ్యమునకు దిగవచ్చునా? కావున గుర్రుమన్నప్పుడెల్ల మోతికి బెత్తముతో రెండు దెబ్బలు వేయుచు వచ్చితిని. పది దినములలో మోతి గుర్రుమనుట మానెను. నా తీర్పునకు నేనే మురిసిపోతిని.

ఒకనాటి సాయంకాలము మా మనుమడు జొన్నరొట్టె ముక్క నొకదానిని వాకిటిలో వేసెను. సింగడు ముందునకు వచ్చెను. మోతి చిన్న శబ్దమైనను చేయక ఒక్క దూకున దాని మెడ పట్టుకొనెను. పిల్లవాడు కెవ్వున కేకవేసెను. నేను తెలివిమాలి రెండింటి నడుమ చేయి పెట్టితిని. ఏది కరచినదో నేటికిని ఎరుగను. మణికట్టు నుండి నెత్తురు కారెను. “ఏమండీ, చేయి తీయండి!” యని నా భార్య బిందెడు నీళ్లు వాని మొగముల మీద కుమ్మరించెను. అప్పుడు గాని అవి విడిపోలేదు.

గాయమును కుళాయి ధార క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోతిని. మా కుక్కలకు ఏటేట టీకాలు వేయించుచున్నను, ఈ విషయమున అశ్రద్ధ తగదు. పిచ్చికుక్క కాటు వలన వచ్చు వ్యాధి లక్షణములు పైకి కనబడిన పిదప మనిషి బ్రతుకుట మిక్కిలి అరుదు. 1885వ సంవత్సరమున లూయీ పాశ్చరు జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలునికి తన టీకాను వేసి కాపాడినాడు. ఆ మహనీయుని తలచుకొనుచు సూదులన్నియు తప్పక వేయించుకొంటిని.

మరునాడు కుక్కలను పశువుల ఆసుపత్రికి కొనిపోతిని. తగవును మొదలుపెట్టినది ఏదియని వైద్యుడు అడుగలేదు. మోతి వెనుక కాళ్లను మెల్లగా వంచి చూచెను. తుంటి దగ్గర ఒత్తగనే అది మూలిగెను.

“మాస్టారూ! దీనికి కీళ్లు అరిగినవి. చిన్నది మీదికి ఉరికినప్పుడెల్ల నొప్పి పుట్టుచున్నది. గుర్రుమనుట దాని భాషలో ‘దూరముగ నుండు’ మని చెప్పుట. ఆ మాట పలికినందులకు మీరు కొట్టితిరి. అది మాట మానినది, నొప్పి మానలేదు. ఇక హెచ్చరిక లేకయే కరచును” అనెను.

నాకు మారుమాట తోచలేదు. భారతము ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు ఏ తప్పును చేయని కుక్కపిల్లను కొట్టుటయు, దాని తల్లి సరమ రాజునెదుట నిలిచి న్యాయమడుగుటయు నేను ఎన్ని తరగతులకో బోధించితిని! మోతి తరపున వచ్చి అడుగుటకు సరమ లేదు. అది ఇంటికి వచ్చుదారిలో నా చేతి కట్టును నాకెను.

మోతికి మందులు మొదలుపెట్టితిమి. వాటినే పోరాడుకొననిండు, అవియే సర్దుకొనునని ఇరుగుపొరుగువారు చెప్పిరి గాని, ప్రతి పోరును మరియొక పోరునకు దారి తీయునని వైద్యుడు హెచ్చరించియుండెను. మోతికి వసారాలోను, సింగనికి పెరటిలోను ఒకే వేళకు అన్నము పెట్టి, తినుట ముగియగనే పళ్లెములు తీసివేయుచుంటిమి. ఇంటిలోనికి ఎముకలు రానీయలేదు. మేము దగ్గర లేనప్పుడు రెండింటి నడుమ అడ్డముండుటకు, అటకమీద పడియున్న నా పాత నల్లబల్ల పనికివచ్చెను. దినదినము తెల్లవారుజామున నేను మోతిని, మనుమడు సింగని పట్టుకొని బాటకు చెరియొక వైపున నడచుచుంటిమి. రెండు నెలలకు ఆ యెడము నాలుగడుగులకు తగ్గెను. వేపచెట్టునకు రెండవ ప్రక్కన, నీడ తప్పనిచోట, మరియొక బండ వేయించితిని. ఇది మొదటనే తోచవలసినది!

మోతికి ఇప్పుడు పదునొకండేండ్లు దాటినవి. అవి మిత్రులు కాలేదు. నిన్న మధ్యాహ్నము సింగడు తన బండ విడిచి పెద్దబండ వైపు నడచెను. మోతి తల యెత్తి మెల్లగా గుర్రుమనెను. నేను చదువుచున్న పుస్తకము ప్రక్కన బెట్టి, లేచి, సింగని నా దగ్గరకు పిలిచితిని.