ఆకాశరామన్న లంకెలు

మా పల్నాడు వైపు ఆకాశరామన్న అర్జీ అంటే తెలీనివాళ్ళుండరు. ఎవరు రాశారో తెలీదు, ఎందుకు రాశారో తెలీదు, కానీ ఆఫీసుకి మాత్రం చేరుతుంది. అందుకున్న ఆఫీసరు తెలివైనవాడైతే చెత్తబుట్టలో వేస్తాడు. కాకపోతే మన ప్రాణం తీస్తాడు. 2022 వేసవిలో నేను అలాంటి అర్జీలకే భయపడి, అసలు తప్పెక్కడుందో చూసుకోకుండా నెలన్నర పోగొట్టాను. పోయింది నా నెలన్నర అయితే ఫరవాలేదు. మా బాబాయిది.

బాబాయికి మాచర్లలో నాపరాళ్ళ వ్యాపారం. చాన్నాళ్ళ క్రితం నేనే ఆయనకో సైటు కట్టిపెట్టాను. పది పేజీలు, నాలుగు ఫొటోలు, ఒక ఫోను నంబరు, అంతే. గూగుల్లో బండల గురించి వెతికినవాళ్ళకి మొదటి పేజీలోనే కనపడేది. హైదరాబాదు బిల్డర్లు దాన్ని చూసే ఫోన్లు చేసేవాళ్ళు.

మే నెలలో ఓ రోజు బాబాయి ఫోను. "ఏందిరా అబ్బాయ్, ఫోను మోగట్లా. నీ సైటుకేమన్నా అయిందా?"

చూస్తే నిజంగానే నాలుగో పేజీకి జారిపోయింది. సెర్చ్ కన్సోల్ తెరిచి, మనకి ఎవరెవరు లంకెలిచ్చారో ఆ జాబితా చూశాను. గుండె ఝల్లుమంది. డాట్ టాప్, డాట్ ఎక్స్‌వైజడ్... ఎన్నడూ వినని సైట్లు వందల్లో ఉన్నాయి. వాటిలో ఒకటి తెరిచాను. మన పేజీని అక్షరం పొల్లుపోకుండా ఎత్తుకుపోయి, పక్కన రమ్మీ ప్రకటనలు పెట్టుకున్నాడు. వాక్యాలతో పాటు వాటిలోని మన లంకెలు కూడా వెళ్ళాయి. అలా మనం అడక్కుండానే ఆ సైటు నుంచి మనకో లంకె పుట్టింది.

గూగుల్ దృష్టిలో లంకె అంటే ఒక సిఫార్సు. మరి పేకాట క్లబ్బువాడు సిఫార్సు చేస్తే పరువు పోదూ? అంతే, దొంగలు దొరికారనుకున్నాను. తెలిసిన ఓ ఎస్ఈవో కుర్రాణ్ణి అడిగితే "ఇవన్నీ విషపు లంకెలు సార్, కడిగేద్దాం" అని ఇరవై వేలు చెప్పాడు. బాబాయి మాట్లాడకుండా పంపాడు. కుర్రాడు ఏదో టూలు నడిపి రెండొందల పైచిలుకు డొమైన్లతో ఒక టెక్స్ట్ ఫైలు ఇచ్చాడు. "ఈ లంకెలతో నాకు సంబంధం లేదు" అని గూగుల్‌కి చెప్పుకునే డిసవౌ ఫైలన్నమాట. నేను దాన్ని కనీసం చదవకుండా ఎక్కించేశాను.

మూడు వారాలు చూశాం. ఏమీ మారలా. ఈలోపు బాబాయి పాలిష్ పట్టే ఇద్దరు కుర్రాళ్ళని మానిపించాడు.

జూన్‌లో నరసరావుపేట మా ఇంటికొచ్చినప్పుడు, లాప్‌టాప్ ముందు కూచోబెట్టి ఆ దొంగ సైట్లన్నీ ఆయనకి చూపిస్తున్నాను. ఆయన శ్రద్ధగా చూసి, "ఇక్కడ మన పేరుంది కదా, అది నొక్కితే ఏమొస్తది?" అన్నాడు.

నొక్కాను. 404. పేజీ లేదు.

విషయమేంటంటే, 2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి విడగొట్టి, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా చేశారు. ఆ ఉత్సాహంలో ఒక ఆదివారం కూచుని, సైటు చిరునామాల్లో గుంటూరు అని ఉన్నచోటల్లా పల్నాడు అని మార్చేశాను. పాత చిరునామాకి వచ్చినవాణ్ణి కొత్తదానికి పంపే 301 దారిమళ్ళింపు పెట్టడం మర్చిపోయాను. ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న మంచి లంకెలన్నీ లేని ఇంటి తలుపు తడుతున్నాయి. దొంగ దగ్గరున్నది పాత కాపీ కాబట్టి, వాడి లంకే నా తప్పుని పట్టిచ్చింది!

ఆ రాత్రి డిసవౌ ఫైలు మొదటిసారి చదివాను. మన బండలతో ఇంటికి గచ్చు వేయించి దాని గురించి రాసిన ఒక ఆర్కిటెక్టు సైటు కూడా అందులో ఉంది. ఉన్న మంచి సిఫార్సుని నా చేత్తోనే చించేశాను.

అసలు ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ తెచ్చినప్పుడు, లంకెలు కొనుక్కున్న సైట్లు ఎన్నో పాతాళానికి పోయాయి. శత్రువు మీదకి చెత్త లంకెలు ఉసిగొల్పొచ్చన్న భయం బాగా పాకింది. అదే ఏడాది అక్టోబరులో డిసవౌ వచ్చింది. కానీ 2016 సెప్టెంబరులో వచ్చిన పెంగ్విన్ నాలుగో రూపంతో పద్ధతి మారింది. చెత్త లంకె కనపడితే సైటుని కిందకి తోసే బదులు, ఆ లంకెని లెక్కలోంచి తీసేయడం మొదలుపెట్టారు. అంటే ఆఫీసరు ఆకాశరామన్న అర్జీల్ని చెత్తబుట్టలో వేయడం నేర్చుకున్నాడు. చాలా సైట్లకి డిసవౌ అవసరమే రాదని గూగులే రాసిపెట్టింది. బింగ్ అయితే 2023లో తన డిసవౌని ఎత్తేసింది కూడా.

కాబట్టి ఇప్పుడెవరన్నా నన్నడిగితే రెండే ప్రశ్నలు వేస్తాను. సెర్చ్ కన్సోల్లో మాన్యువల్ యాక్షన్ అని నోటీసు ఉందా? మీరుగానీ, మీరు డబ్బిచ్చినవాడుగానీ ఎప్పుడన్నా లంకెలు కొన్నారా? రెండిటికీ లేదంటే ఆ ఫైలు జోలికి పోకండి. దొంగ కాపీ మీ పేజీకన్నా పైన కనపడుతుంటే అది వేరే జబ్బు, దానికి మందు కాపీరైటు ఫిర్యాదు. డిసవౌ వల్ల కాపీ పోదు. ముందు మీ పేజీలన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.

దారిమళ్ళింపులు పెట్టాను (కనీసం ఏడాది ఉంచమంటుంది గూగుల్, నేనింకా తీయలేదు). డిసవౌ రద్దు చేశాను. రెండు నెలలకి సైటు మొదటి పేజీకొచ్చింది. ఫోన్లు మోగాయి గానీ, పాత బిల్డర్లలో ఒకాయన అప్పటికే తాండూరు బండలకి మారిపోయాడు. మానిపించిన ఇద్దరిలో ఒక్కడే తిరిగొచ్చాడు.

తప్పు నాదేనని బాబాయికి చెప్పడానికి నాకు వారం పట్టింది. ఇరవై వేలు ఇవ్వబోతే తీసుకోలా. "ఊళ్ళోవాళ్ళ మీద పడి ఏడ్చేముందు మన గడప చూసుకోవాలి అబ్బాయ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు.