పాత లారీకి చల్లగాలి

ఎండాకాలంలో పాత లారీ క్యాబిన్‌లోకి వేడి రెండు దారుల్లో వస్తుంది. కాలిన రేకు టాపు, ముందున్న పెద్ద అద్దం ఒక దారి. డ్రైవరుకీ క్లీనరుకీ నడుమ ఉన్న ఇంజను రెండో దారి. రోళ్లు పగిలే ఎండ పొద్దుగూకాక తగ్గుతుంది గానీ, ఇంజను వేడి బండి నడిచినంతసేపూ తగ్గదు. అందులో తిరిగే నీళ్లు 80, 90 డిగ్రీల వేడిమీద ఉంటాయి. దానికీ డ్రైవరు మోకాలికీ మధ్య అడ్డం ఒక్క మూతే. రోహిణి కార్తెలో విజయవాడ నుంచి నాగపూరు దాకా మెడ మీద తడి తుండు వేసుకుని బండి లాగేవాళ్లను చూస్తే నాకు మనసొప్పదు.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులు దాటిన సరుకు బళ్లకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు. ఎప్పుడో రావలసిన నిబంధన. అయితే అది కొత్త బళ్లకే. అంతకుముందు రోడ్డెక్కిన లారీలు ఇంకా ఏళ్ల తరబడి తిరుగుతాయి. వాటికి ఏసీ పెట్టించాలన్నా, ఉన్నది బాగు చేయించాలన్నా ఓనరే పూనుకోవాలి.

పని మొదలుపెట్టాల్సింది కంప్రెసర్ దగ్గర కాదు. బండి స్టార్టు చేసి, గేరు రాడ్డు మొదట్లో అరచెయ్యి పెట్టి చూడండి. అక్కడి రబ్బరు చిరిగి ఉంటే డీజిలు వాసనతో వేడిగాలి చేతికి కొడుతుంది. క్లచ్చి, బ్రేకు పెడళ్ల కంతలూ అంతే. ఇంజను మూత తిప్పి చూస్తే, వేడి ఆపడానికి కంపెనీ అంటించిన మందపాటి పొర ఆయిలు పీల్చి, మాడి, సగం ఊడిపోయి ఉంటుంది. ఇవి సరిచేయకుండా ఎంత పెద్ద ఏసీ బిగించినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. మూత కింద నిప్పంటుకోని పొరే వేయించాలి. చవకని థర్మాకోల్ పెడితే కరుగుతుంది, అంటుకుంటుంది కూడా. తలుపుల బీడింగు మార్చి, టాపు మీద తెల్లరంగు వేయిస్తే సగం పని అయినట్టే.

ఇక ఏసీ. చల్లదనం తగ్గగానే "గ్యాస్ ఎక్కించండి" అంటారు. గ్యాస్ వాడకంలో అరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందన్నమాట. లీకు పట్టి, వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలీ తేమా లాగేసి, కంపెనీ చెప్పిన తూకం ప్రకారం గ్యాస్ నింపే మెకానిక్కే మంచి మెకానిక్కు. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడదు, కంప్రెసర్ మీద భారం పడుతుంది. కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్మూ దూదీ మెల్లగా నీళ్లతో కడిగినా చాలాసార్లు తేడా తెలుస్తుంది.

డీజిలు ఖర్చు పెరుగుతుందన్నది నిజమే. ఏసీ ఉంటే డ్రైవరు నిద్రపోతాడన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఉడికిపోయి అలసిన మనిషికే కళ్లు మూతపడతాయి.

ఓనర్లకు నా మనవి ఒకటే. ఈసారి ఎఫ్‌సీకని బండిని రంగులకు ఆపినప్పుడు ఇంజను మూత కూడా విప్పించండి. వేడి ఎక్కడ తగులుతోందో డ్రైవరునే అడిగి, అతని ఎదుటే పని చేయించండి.