చార్మినారు చూడని రెండు రోజులు

సెలవులు వచ్చాయంటే పల్లెల్లోని మన కుటుంబాలు హైదరాబాదుకు బయలుదేరుతాయి. రెండు రోజుల్లో ఏమేమి చూడాలని అడిగితే అందరూ చెప్పేవి చార్మినారు, గోలకొండ, ట్యాంక్ బండ్, జూపార్కు. అవి చూడదగినవే, కాదనము. కాని ఎండలో బస్సులు మారుతూ, చంటిపిల్లలను ఎత్తుకొని వరుసల్లో నిలబడి, సాయంత్రానికి కాళ్ళు పట్టుకొని కూర్చోవటమే చాలామందికి మిగులుతుంది. నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం చూడటానికని ఎవరూ రారు. వరంగల్ రోడ్డు మీదుగా వచ్చేవారు ఉప్పల్‌లో బస్సు దిగి ముందుకు వెళ్ళిపోతారు, అంతే. చాలాకాలంగా ఈ ప్రాంతంలో కాపురముంటున్న మేము మాత్రం మా ఇంటికి వచ్చేవారికి మొదట ఇక్కడివే చూపిస్తున్నాము.

క్రిందటి వేసవిలో జనగామ వైపు నుండి మా అన్నయ్య, వదిన, వారి ఇద్దరు పిల్లలు ఒక శని, ఆదివారాలు మాతో గడపటానికి వచ్చారు. పిల్లలకు పట్నం చూపించాలన్నది పైకి చెప్పిన మాట. అన్నయ్య మనసులో ఉన్నది వేరు. పొలంలో రెండు బోర్లు ఎండిపోయాయి. మూడవది వెయ్యటానికి వడ్డీకి అప్పు మాట్లాడుకున్నాడు. చాలని డబ్బు మమ్మల్ని అడగాలని వచ్చాడు.

శనివారం పిల్లలను నాగోలులో మెట్రో రైలు ఎక్కించాము. ఈ మార్గం 2017 నవంబరులో మొదలైంది. రైలు ఎత్తున పోతుంది కనుక కిటికీలో నుండి ఊరంతా కనిపిస్తుంది. స్టేషన్ల పేర్లు చదువుకుంటూ పోయినా పిల్లలకు ఒక పాఠమే. ఉప్పల్ తరువాత స్టేడియం. 2005 నవంబరు 16న భారత, దక్షిణాఫ్రికా జట్ల మధ్య అక్కడ మొదటి వన్డే పోటీ జరిగిందని చెబితే అబ్బాయి కిటికీ వదలలేదు. ఆ తరువాతి స్టేషను ఎన్.జి.ఆర్.ఐ. అది జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ. 1961లో స్థాపించారు. భూకంపాలు, ఖనిజాలు, భూగర్భ జలాలు వారి పరిశోధనాంశాలు. ఆ దగ్గరే హబ్సిగూడలో జీవకణాల పరిశోధన జరిగే సి.సి.ఎం.బి. ఉంది. మన దేశపు పటాలు గీసే, 1767 నాటి సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ కూడా ఉప్పల్‌లోనే ఉంది.

అన్నయ్య ఒక్క మాట పట్టుకున్నాడు. "భూమి లోపలి సంగతి జూసేటోళ్ళా? మరి నీళ్ళు యాడున్నయో జెప్తరా?" అన్నాడు.

మా సంఘంలో ఆ సంస్థలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న పెద్దాయన ఒకరున్నారు. ఆ సాయంత్రం వారి ఇంటికి తీసుకువెళ్ళాము. ఆయన కాగితం మీద మూడు గీతలు గీసి చెప్పారు. మన తెలంగాణ నేలలో ఎక్కువ భాగం క్రింద ఉన్నది గ్రానైటు రాయి. పైన రాయి శిథిలమై మొరంగా మారిన పొర. దాని క్రింద పగుళ్ళున్న రాయి. ఆ క్రింద గట్టి రాయి. నీరు మొరంలో నిలుస్తుంది, పగుళ్ళ వెంట కదులుతుంది. లోతుకు పోయినకొద్దీ పగుళ్ళు తగ్గిపోతాయి. 1999లో ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి ఏర్పరచిన కేంద్రం తరపున హైదరాబాదు దగ్గరి మహేశ్వరంలో ఈ సంగతిని ఏళ్ళ తరబడి పరిశీలించారట.

"ఇంకో మున్నూరు ఫీట్లు పోతే పడతయన్నరు సార్," అన్నాడు అన్నయ్య.

"పడవచ్చునయ్యా. కాని లోతుకు పోతే నీళ్ళు ఎక్కువుంటాయన్నది మన నేలలో నమ్మదగిన లెక్క కాదు. ముందు భూగర్భ జల శాఖ వారితో చూపించుకో. కుంటలో పూడిక తీయించుకో. పైనుండి ఇంకితేనే కదా క్రింద ఉండేది?" అన్నారు ఆయన.

మరునాడు ఆరాధన అయ్యాక నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్ళాము. అన్నయ్య ఊరి కుర్రవాడు ఒకడు ఈ పారిశ్రామికవాడలో పనిచేస్తూ చేతికి దెబ్బ తగిలి అక్కడ ఉన్నాడు. ఊరి మనుషులను చూడగానే వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదిన వాడికి అన్నం కలిపి తినిపించింది. 1948 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన బీమా ఇది. పదిమంది లేక అంతకు పైబడి పనిచేసే చోట వర్తిస్తుంది. 2017లో నెల జీతం పరిమితిని 21,000 రూపాయలకు పెంచారు. 2019 జూలై నుండి జీతంలో కార్మికుని వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా మూడుంబావు రూపాయలుగా నిర్ణయించారు. ఇదంతా విని వదిన, "మా తమ్ముడు గూడ ఇక్కడ్నే షెడ్డుల జేస్తడు. ఆనికున్నదా ఈ కార్డు?" అని అప్పటికప్పుడే ఫోను చేసింది. ఆ అబ్బాయికి దాని సంగతే తెలియదు. అడిగి తెలుసుకొమ్మని గట్టిగా చెప్పింది.

సాయంత్రం మూసీ ఒడ్డున 2019లో తెరచిన చిన్న శిల్పారామంలో కూర్చొని, ఉప్పల్ కూడలి పైన 2023లో కట్టిన ఆకాశ వంతెన మీద పిల్లలను నడిపించి ఇంటికి వచ్చాము. క్రింద బస్సులు, పైన రైలు, నడుమ మేము. పిల్లలు చార్మినారు మాటే ఎత్తలేదు.

అన్నయ్య డబ్బు అడగకుండానే ఊరికి వెళ్ళాడు. ఆ ఏడు మూడవ బోరు వెయ్యలేదు. వరి తగ్గించి ఆరుతడి పంట పెట్టుకున్నాడు. నీళ్ళ కష్టం తీరిందని చెప్పము గాని, కొత్త అప్పు మాత్రం తల మీదికి రాలేదు.

మీరూ ఇటు వస్తే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. పరిశోధనా సంస్థల్లోకి మామూలు రోజుల్లో ఎవరినీ పోనివ్వరు. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినం, సెప్టెంబరు 26 సి.ఎస్.ఐ.ఆర్. స్థాపన దినం. ఆ సందర్భాల్లో విద్యార్థులకు తలుపులు తెరుస్తుంటారు. ముందుగా విచారించి మీ ఊరి బడి పిల్లలను తీసుకురండి. ఆసుపత్రికి వెళ్ళేముందు చూడనిచ్చే వేళలు కనుక్కోండి. మీ ఊరి పిల్లలు నాచారం షెడ్డుల్లో ఎవరెవరు పనిచేస్తున్నారో వారి తల్లులను అడిగి, వీలైతే ఇంటి పచ్చడి ఒక సీసా పట్టుకొని బయలుదేరండి.