మీవాడికి పదహారు వచ్చాయా?

టెక్సస్‌లో కాపురమున్న మనవాళ్ల ఇళ్లలో, పిల్లాడికి పదిహేనేళ్లు నిండితే చాలు, లర్నర్ లైసెన్సు గోల మొదలవుతుంది. పదహారుకి ప్రొవిజనల్ లైసెన్సు. ఆ వారమంతా ఇల్లు సంబరంగానే ఉంటుంది. తర్వాత కారు ఇన్సూరెన్సు కాగితం వస్తుంది చూడండీ, అప్పుడు నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదటినుంచి చదువుతారు.

ఆయన్నీ అనలేం లెండి. మన దేశంలో పెరిగిన మనిషి. ఇక్కడ ఇన్సూరెన్సంటే బండికి. 1000 నుంచి 1500 సీసీ కారైతే థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలని 2022లో ప్రభుత్వమే ఖరారు చేసింది. నడిపేది రిటైరైన మేష్టారా, నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్న కుర్రాడా అన్నది ఆ లెక్కలో లేదు. అమెరికా కంపెనీ అలా కాదు, ఇంట్లోకి తొంగిచూస్తుంది. "ఈ చిరునామాలో నడిపే వయసున్న వాళ్లెవరెవరు?" అంటుంది. మావాడు కారు ముట్టడండీ అంటే వినదు. తాళాలు గుమ్మం పక్క మేకుకే వేలాడుతుంటాయని దానికీ తెలుసు.

పోనీ వట్టి అనుమానమా అంటే, అదీ కాదు. అక్కడ 16-19 ఏళ్లవాళ్లు నడిపిన మైళ్ల లెక్కన చూస్తే, ప్రాణాలు పోయే ప్రమాదాలు ఇరవై దాటినవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు. లైసెన్సు చేతికొచ్చిన మొదటి నెలలైతే మరీ గండం.

ఇహ మనవాళ్ల తెలివితేటలు. "చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందోయ్!" ఏదైనా గుద్దిన రోజున తెలుస్తుంది. ఇంట్లో మనిషిని దాచి ప్రీమియం తగ్గించుకున్నారని తేలితే క్లెయిము కొట్టేయొచ్చు, పాలసీయే రద్దు చేయొచ్చు. ఇంకో దారి, "మావాడు నడపడు" అని సంతకం పెట్టి వాణ్ని పాలసీ నుంచి తీసేయించడం. అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవు. ఒప్పుకున్నచోట, వాడు పాల డబ్బాకని వీధి చివరికెళ్లి ఎవరినైనా గుద్దినా కంపెనీ పైసా ఇవ్వదు, ఖర్చంతా నాన్నగారిదే. నన్నడిగితే ఆ కాగితం జోలికే పోవద్దంటాను.

వయసు చూసి రేటు వేయకూడదన్న రాష్ట్రాలూ లేకపోలేదు. హవాయిలో వయసూ చూడరు, ఎన్నేళ్లుగా నడుపుతున్నారన్నదీ చూడరు. మసాచుసెట్స్‌లో వయసు అడగరుగానీ అనుభవం ఎన్నేళ్లని అడుగుతారు. చుట్టూ తిప్పి ముక్కు పట్టుకోవడమే!

తగ్గించుకునే మార్గాలు లేవా? ఉన్నాయి. సగటున బి గ్రేడు తెచ్చుకునే పిల్లలకు చాలా కంపెనీలు కొంత తగ్గిస్తాయి. మార్కుల విషయంలో మన తల్లిదండ్రులకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా! కొత్త లైసెన్సు చేతికి కొత్త కారు కొనిచ్చే ముచ్చట మాత్రం వాయిదా వేయండి, పాత సెడాన్ చాలు.

కాలేజీకని వందమైళ్లకు పైగా దూరం వెళ్లి, కారు ఇంట్లోనే వదిలేస్తే ఇంకో తగ్గింపు. పేరు పాలసీలోనే ఉంటుంది కాబట్టి సెలవులకొచ్చినప్పుడు నిశ్చింతగా నడుపుకోవచ్చు. ఆ పాత సెడాన్ కూడా తీసుకుపోతానంటే తగ్గింపు పోయినట్టే. పైగా బండి రాత్రిళ్లు ఏ ఊళ్లో ఉంటుందో కంపెనీకి చెప్పాలి, రేటు ఆ ఊరి పిన్‌కోడును బట్టి కూడా మారుతుంది మరి.