కేసు షీటులో లేని గడి

"మా అబ్బాయికేం లోపం లేదండీ డాక్టరమ్మగారూ. వేటకెళ్తే వారం రోజులు పడవ మీదే ఉంటాడు. మందేదో మా కోడలికే రాయండి."

గోదావరి గౌతమీ పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఊరు వాళ్లది. పెళ్లయి నాలుగేళ్లు. ఆ అమ్మాయి ఫైల్లో మూడు స్కానింగులు, ట్యూబుల పరీక్ష, రెండేసిసార్లు చేసిన హార్మోను పరీక్షలు ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి. భర్త పేరు మీద ఒక్క కాగితం లేదు. అతన్ని కూర్చోబెట్టి, ఒప్పించి వీర్యపరీక్ష చేయిస్తే కణాల సంఖ్య బాగా తక్కువని తేలింది. ఆ రిపోర్టు విని అమ్మాయి ఏమీ అనలేదు. తన ఫైలు మూసి ఒళ్లో పెట్టుకుని, దాని మీద కొంగు కప్పుకుంది.

వెళ్లేముందు అతనే అడిగాడు: "నీళ్ల వల్లేమైనా అంటారాండీ? చేలమందులు, డ్రైనేజీ అన్నీ మా మొగలోకే కదండీ దిగేది."

ఒక్క మనిషిని చూసి అవునని చెప్పడం శాస్త్రం కాదు. పొగాకు, ఇంజను వేడి, వృషణాల దగ్గర ఉబ్బిన సిరలు, ఇలా కారణాలు అనేకం. చేపకు ఇవేవీ ఉండవు. దానికున్నది నీరొక్కటే. అందుకే చేప చెప్పే సాక్ష్యాన్ని నేను గట్టిగా నమ్ముతాను.

1990ల చివర్లో నేను లివర్‌పూల్‌లో శిక్షణలో ఉన్నాను. ఆ ఊరి పక్కనే మెర్సీ నది సముద్రంలో కలుస్తుంది. మన నాలుక చేపలా బల్లపరుపుగా, బురదకు అంటుకుని బతికే ఫ్లౌండర్ చేపల్ని అక్కడ పట్టి పరీక్షించారు. మగ చేపల రక్తంలో విటెల్లోజెనిన్ కనిపించింది. గుడ్డులో సొన కోసం ఆడ చేప కాలేయం తయారుచేసే ప్రొటీన్ అది. ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ చెబితేనే కాలేయం దాన్ని చేస్తుంది. కొన్ని మగ చేపల వృషణాల్లో అండకణాలు కూడా ఉన్నాయి. నీటిలోని ఏదో పదార్థం ఈస్ట్రోజెన్ గొంతుతో మాట్లాడితే, ఆ శరీరాలు నమ్మాయి.

మొగలోనే ఎందుకు? బిందెలో పటిక తిప్పితే మట్టి అడుగుకు దిగినట్టు, సముద్రపు ఉప్పు తగలగానే నది తెచ్చిన సన్నని ఒండ్రు ముద్దకట్టి కిందికి దిగుతుంది. దాన్ని పట్టుకున్న రసాయనాలూ దిగుతాయి. ఆటుపోట్లకు ఆ నీరు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. చేపపిల్లలూ రొయ్యపిల్లలూ పెరిగేది సరిగ్గా అక్కడే, ఆ బురదలోనే, మడచెట్ల వేళ్ల మధ్యనే.

హార్మోను విషయంలో ఎంత అన్నదాని కంటే ఎప్పుడు అన్నది ముఖ్యం. ఒక బాబు మూత్రద్వారం అడుగువైపు తెరుచుకుని పుట్టాడు. "గ్రహణం నాడు కదిలుంటుంది" అని నాయనమ్మ బాలింతనే తప్పుబట్టింది. ఆ అవయవం రూపుదిద్దుకునేది గర్భంలో 8 నుంచి 14 వారాల మధ్య. ఆ నెలల్లో ఆమె లంక పొలంలో మందు కలిపి అందించే పని చేసింది. కొన్ని తెగుళ్ల మందులు మగ హార్మోనును అడ్డుకుని ఎలుక పిల్లల్లో ఇదే లోపం తెస్తాయని ప్రయోగాల్లో రుజువైంది. బాబుకు ఆపరేషన్ చేసి సరిచేశారు. తల్లి మీద పడ్డ నిందను చెరపడానికి ఎక్కువకాలం పట్టింది.

ఇందులో నా వాటా కూడా ఉంది. గర్భనిరోధక మాత్రల్లోని ఇథినైల్ ఈస్ట్రాడయోల్‌ను వేల చీటీల మీద రాశాను. కాలేయం దాన్ని కట్టిపడేసి మూత్రంలోకి పంపుతుంది. మురుగులోని బాక్టీరియా ఆ కట్టు విప్పి మళ్లీ దానికి శక్తినిస్తుంది. కెనడాలో ఒక ప్రయోగపు సరస్సులో మూడు వేసవులు ఈ హార్మోను కలిపారు. మోతాదు లీటరుకు 5, 6 నానోగ్రాములు, అంటే లక్ష కోట్ల చుక్కలకు ఐదారు చుక్కలు. అక్కడి ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్నచేపల జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 2007లో ఆ ఫలితం చదివాక కూడా, ఆడవాళ్లకు అవసరమైన ఆ మాత్ర రాయడం మానలేదు. మురుగును శుద్ధిచేయకుండా కాలవలోకి వదలడం వైద్యానికి సంబంధించిన తప్పేనని మాత్రం అప్పటి నుంచి అడిగిన ప్రతిచోటా చెబుతున్నాను.

నీటికి పట్టిన ఈ జబ్బు తగ్గుతుంది. పడవల అడుగుకు పూసే ట్రైబ్యూటైల్ టిన్ రంగు వల్ల ఇంగ్లండ్ తీరంలో ఆడ నత్తలకు మగ అవయవం మొలిచేది. గుడ్లు బయటికొచ్చే దారి మూసుకుపోయి, కడుపు నిండా గుడ్లతోనే చచ్చిపోయేవి. ఫ్రాన్స్ 1982లో చిన్న పడవలకు ఆ రంగును ఆపింది, బ్రిటన్ 1987లో. 2008 నుంచి ప్రపంచ ఒప్పందమే అమల్లోకి వచ్చింది. నత్తలు తిరిగొచ్చాయి. స్విట్జర్లాండ్ 2016 నుంచి పెద్ద మురుగుశుద్ధి కేంద్రాల్లో ఇలాంటి సూక్ష్మ రసాయనాల్ని తీసేయాలని చట్టం చేసింది. అందుకు ఓజోన్, బొగ్గుపొడి వాడుతున్నారు.

నా కేసు షీటులో పెళ్లి ఎప్పుడు, నెలసరి ఎలా, ఇంట్లో ఎవరికి షుగరు అనే గడులు మొదటి నుంచీ ఉన్నాయి. ఇప్పుడు ఇంకో గడి చేర్చాను: "తాగే నీళ్లు ఎక్కడివి? మందు కొట్టే పని ఉందా?" గర్భం నిలిచిందని తెలిసిన రోజే ఆ పనికి దూరంగా ఉండమని చెబుతున్నాం. పిల్లలు లేరని వచ్చినవాళ్లలో మొదటి పరీక్ష భర్తకే రాస్తున్నాను. మొన్నొక అమ్మాయి ఆ గడి దగ్గర ఆగి, "ఇది నన్నెవరూ అడగలేదండీ" అంది. ఆ మాట కూడా షీటులో రాసుకున్నాను.