మాలరీ టవర్స్‌లో ఒక స్కాలర్‌షిప్ పిల్ల



పోస్ట్ కొంచెం పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు "ఇంగ్లీషు రావాలంటే ఏ పుస్తకం చదవాలక్కా" అని అడిగితే అందరూ గ్రామర్ పుస్తకాలు, గ్రూప్స్ మెటీరియల్ చెప్పారు. నేను "మాలరీ టవర్స్ చదువు తమ్ముడూ" అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అది ఇంగ్లండులో డబ్బున్నోళ్ల ఆడపిల్లల హాస్టల్ కథ కదా, మనకెందుకు అని. నవ్వినవాళ్ల మీద నాకేం కోపం లేదు. కానీ ఆ పుస్తకాల్లో ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల గురించి రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా, ఇవాళ కుదిరింది.

తెలియనివాళ్ల కోసం ముందు అసలు సంగతి. రాసింది ఎనిడ్ బ్లైటన్. 1946 నుంచి 1951 దాకా ఏడాదికొకటి చొప్పున ఆరు పుస్తకాలు. ఇంగ్లండుకి నైరుతి మూల కార్న్‌వాల్‌లో, సముద్రం పక్కన కొండ అంచు మీద ఉంటుంది ఆ స్కూలు. నాలుగు మూలలా నాలుగు టవర్లు, పిల్లలు ఉండేది ఆ టవర్లలోనే. రాళ్ల మధ్యలో ఈతకొలను, సముద్రం పోటెత్తినప్పుడు దానంతట అదే నిండుతుంది. డారెల్ రివర్స్ అనే పన్నెండేళ్ల పిల్ల రైలెక్కి అక్కడికి పోవడంతో కథ మొదలు. వాళ్ల నాన్న సర్జన్. పిల్ల మంచిదే, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఆఖరి పుస్తకానికి వచ్చేసరికి స్కూలు మొత్తానికి హెడ్‌గర్ల్ అవుతుంది.

మా గురుకులానికి ఎవరో దాతలు పాత పుస్తకాలు రెండు అట్టపెట్టెల్లో పంపారు. లైబ్రరీ అంటే ఒక ఇనుప బీరువా, దానికో తాళం. ఇంగ్లీషు మేడం ఆదివారం మధ్యాహ్నం తాళం తీసేవారు. అందులో మాలరీ టవర్స్ మూడే ఉన్నాయి. మొదటిది, రెండోది, అట్ట ఊడిపోయిన ఆఖరిది. మధ్యలో మూడు నేను డిగ్రీకి వచ్చాకే చదివాను. ఎనిమిదో తరగతిలో మొదటి పుస్తకం పట్టుకుంటే నాలుగు పేజీలకు రెండు ఆదివారాలు పట్టింది. కానీ ఆ నాలుగు పేజీల్లోనే ట్రంకు పెట్టె ఉంది, కొత్త యూనిఫాం ఉంది, స్టేషన్‌లో అమ్మని వదిలి పోవడం ఉంది. మనలో ఐదో తరగతి ఎంట్రన్స్ రాసి ట్రంకు పెట్టె మోసుకుంటూ హాస్టల్ గేటు దాటినవాళ్లకి ఆ పేజీలకు డిక్షనరీతో పని లేదు.

డిక్షనరీ అంటే గుర్తొచ్చింది, అది 23 దగ్గర ఉండేది.

పేరు రాయను, తనకి ఇష్టం ఉండదు. మా మేడంలు రోల్ నెంబర్లతోనే పిలిచేవాళ్లు. తను 23, నేను 24. చేరిన రోజు పడిన నెంబర్లే పదో తరగతి దాకా ఉన్నాయి. ఆరేళ్లు అసెంబ్లీ లైన్లో తన జడ చూస్తూ నిలబడ్డాను. మాది భద్రాచలం అవతల కోయగూడెం, వాళ్లది మానుకోట వైపు తండా. బయట పెద్దవాళ్ల గొడవలు వేడి మీదున్న రోజుల్లో మా డైనింగ్ హాల్లో కూడా లైన్లు వేరయ్యాయి. (ఆ చర్చ ఇక్కడ మొదలుపెట్టకండి, అడ్మిన్ అన్నకి నిద్ర ఉండదు.) మా ఇద్దరి ప్లేట్లు మాత్రం పక్కపక్కనే ఉండేవి. వాళ్ల అమ్మ తెచ్చిన జొన్నరొట్టె నాకు, మా అమ్మ తెచ్చిన తునికి పళ్లు తనకి. మాలరీ టవర్స్ పిల్లలు అర్ధరాత్రి దొంగచాటుగా విందు చేసుకుంటారు. మేమూ చేసుకున్నాం, మామిడికాయ, ఉప్పు, కారంతో.

మొదటి పుస్తకం అంతా ఎవరు ఎవరికి ఫ్రెండు అనే గొడవే. డారెల్‌కి అలీసియా అంటే ఇష్టం. అలీసియా తెలివైనది, నోరు పదును, తనకి ముందే వేరే టవర్లో ఒక ఫ్రెండ్ ఉంది. సాలీ ఎవరితోనూ కలవదు. గ్వెండొలిన్ గారాల పిల్ల, పిరికి మేరీ లూ పెన్ను పగలగొట్టి ఆ నేరం డారెల్ మీదికి తోస్తుంది. ఒక రోజు డారెల్ కోపంలో సాలీని తోసేస్తుంది, తర్వాత సాలీకి కడుపునొప్పి. నా వల్లే అని డారెల్ వణికిపోతుంది. తీరా చూస్తే అది అపెండిసైటిస్, రాత్రికి రాత్రి వచ్చి ఆపరేషన్ చేసేది డారెల్ వాళ్ల నాన్నే. ఆ సాలీతోనే డారెల్‌కి జీవితాంతం స్నేహం కుదురుతుంది. చదవడానికి హాయిగా ఉంటుంది, ఇంతకంటే ఎక్కువ చెప్పను.

నేను చెప్పాలనుకున్న పిల్ల రెండో పుస్తకంలో వస్తుంది, 1947లో వచ్చినదాంట్లో. పేరు ఎలెన్ విల్సన్. ఆమె వచ్చింది ఫీజు కట్టి కాదు, స్కాలర్‌షిప్ గెలిచి. గెలవడానికే ఒళ్లు హూనం చేసుకుని చదివింది, స్కూల్లో అడుగుపెట్టేసరికే అలిసిపోయి ఉంది. మిగతావాళ్లు ఆటలాడతారు, ఫ్రెంచి టీచర్లని ఏడిపిస్తారు, పగలబడి నవ్వుతారు. ఎలెన్ పుస్తకం వదలదు. దగ్గరికొచ్చినవాళ్ల మీద చిరచిరలాడుతుంది. చదివేకొద్దీ బుర్రకెక్కదు. ఎక్కేకొద్దీ కాదు, ఎక్కనికొద్దీ ఇంకా చదువుతుంది. స్కాలర్‌షిప్ పిల్ల వెనకబడితే ఎంత పరువు తక్కువ అనే భయం. చివరికి ప్రశ్నపత్రాలు ముందే చూస్తే ఎలా ఉంటుంది అనే ఆలోచన వస్తుంది, వాటి కోసం చాటుగా వెతుకుతుంది.

సరిగ్గా అదే టైంలో డార్మిటరీలో పర్సులు, బ్రోచ్‌లు మాయమవుతుంటాయి. చాటుగా తిరిగేది ఎవరు? ఎలెన్. ఇంకేం, అనుమానం ఎలెన్ మీదికి పోతుంది.

దొంగ వేరే పిల్ల. డాఫ్నీ అని, అందగత్తె, మాటల్లో తేనె. మాది పెద్ద బంగళా, మాకు అంత ఆస్తి ఉంది, ఇంత ఆస్తి ఉంది అని గొప్పలు చెబుతుంది, అంతా అబద్ధం. గ్వెండొలిన్ ఆ గొప్పలు నమ్మి వెంట తిరుగుతుంది. (కథంతా చెప్పేస్తున్నాను, ఏమనుకోకండి.) దొంగిలించినవి ఉన్న పార్సిల్‌ని మేరీ లూ పాపం స్నేహం కొద్దీ పోస్టు చేయడానికి గాలివానలో బయల్దేరి కొండ అంచు నుంచి జారుతుంది. డాఫ్నీ ప్రాణానికి తెగించి కాపాడుతుంది. నిజం బయటపడ్డాక, ఈ పిల్ల ఉండాలా పోవాలా అన్నది హెడ్‌మిస్ట్రెస్ క్లాసు పిల్లలకే వదిలేస్తుంది. ఉండనిద్దాం అంటారు వాళ్లు.

నాకు ఆ స్కూల్లో పోటీ అర్థమైంది ఎలెన్ వల్లనే. మిగతా పిల్లలకి పోటీ అంటే ఆట. అలీసియా ఓడిపోతే మూతి ముడుచుకుంటుంది, అంతే. గ్వెండొలిన్ ఎప్పుడూ అడుగునే ఉంటుంది, అయినా సీటు ఎక్కడికీ పోదు, నాన్న ఫీజు కడుతున్నాడు కదా. ఆ నాన్నకి జబ్బు చేశాకే, ఆఖరి పుస్తకంలో, ఆమె స్కూలు వదిలి పోవాల్సి వస్తుంది. ఎలెన్‌కి మాత్రం మొదటి రోజు నుంచీ మార్కులే ఫీజు.

మాకూ అంతే. యూనిట్ టెస్ట్ అయిన ప్రతిసారీ నోటీసు బోర్డు మీద ర్యాంకులు. పదో తరగతి తర్వాత మంచి కాలేజీలో సీట్లు కొన్నే, ఆశ పడేవాళ్లు అందరూ. 23 ఫస్ట్, నేను సెకండ్. ఒక్కోసారి అటూ ఇటూ. "24 నిన్ను దాటేస్తది చూసుకో" అని తనకి, "23 కాలిగోటికి సరిపోవు" అని నాకు. మేడంలు మమ్మల్ని పొట్టేళ్లలా ఎగదోసేవాళ్లు. మేం చేసిన పని ఏంటంటే, లెక్కలు తను చెప్పేది, బయాలజీ బొమ్మలు నేను వేసి చూపించేదాన్ని. ర్యాంకులు పెట్టిన రోజు సాయంత్రం దాకా మాత్రం మాట్లాడుకునేవాళ్లం కాదు. సాయంత్రం స్నాక్స్ దగ్గర మామూలే.

తొమ్మిదో తరగతిలో దసరా సెలవులయ్యి వచ్చాక పక్క సెక్షన్ అమ్మాయి ఐదు వందలు పోయాయంది. 23 తెల్లవారుజామున మూడింటికి లేచి, బాత్రూంల దగ్గర లైటు కింద కూర్చుని చదివేది. రాత్రి డ్యూటీ ఆయమ్మ చూసింది. అదొక్కటే ఆధారం. హాలు మధ్యలోకి తెచ్చి అందరి ముందూ మొదట తెరిచింది 23 పెట్టెనే. రెండు జతల బట్టలు, కొబ్బరినూనె సీసా, వాళ్ల నానమ్మ అద్దాలు కుట్టిన గుడ్డముక్క, కాస్మెటిక్ ఛార్జీల్లో దాచుకున్న అరవై రూపాయలు. ఆ అరవై కూడా లెక్కపెట్టి ఎక్కడివి అని అడిగారు. "తను చదువుకోడానికే లేస్తది మేడం, నేను రోజూ చూస్తా" అని నేను అంటే, నన్ను బయట నిలబడమన్నారు. మూడో రోజు ఆ ఐదు వందలు పోగొట్టుకున్న పిల్ల రికార్డు బుక్కు అట్ట లోపలే దొరికాయి. అసెంబ్లీలో డబ్బులు జాగ్రత్తగా పెట్టుకోవాలని ఒక ప్రసంగం ఇచ్చారు. 23ని పిలిచి ఒక్క మాట అన్నవాళ్లు లేరు.

ఆ తర్వాత తను రాత్రి లేవడం మానేసింది. హాఫ్ ఇయర్లీలో ఏడో ర్యాంకు. నాకు ఫస్ట్ వచ్చింది. ఆ నెల మా నాన్న చూడ్డానికి వస్తే ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు.

అప్పుడు రెండో పుస్తకం తన చేతికిచ్చాను. మూడు వారాలు పట్టింది. మార్జిన్ల నిండా పెన్సిల్‌తో రాసింది, కొన్ని తెలుగులో, కొన్ని వాళ్ల లంబాడీ మాటలు తెలుగు అక్షరాల్లో. తిరిగిచ్చేటప్పుడు నేను ఉత్సాహంగా, "డాఫ్నీని ఉండనిచ్చారు చూడు, ఎంత బాగుందో" అన్నాను.

"దొంగతనం చేసిన పిల్లకి గాలివాన, కొండ అంచు, అందరి మెచ్చుకోళ్లు. చెయ్యని పిల్లకి జబ్బు. ఎలెన్ వంతు ఎక్కడే?" అంది.

ఈ మాట మీద మేం పదో తరగతి అయ్యేదాకా కొట్టుకున్నాం. ఇప్పటికీ నాది నాకే. బ్లైటన్ ఎలెన్‌ని దేవతని చెయ్యలేదు. తప్పు దారి దాకా వెళ్లిన పిల్లలాగే చూపించింది. పేద పిల్ల అంటే కళ్లనీళ్లు, మంచితనం, చివర్లో మెడల్ అని రాసే కథలు మన మీద చాలానే ఉన్నాయి. అలిసిపోతే మనిషి ఎంత చిరాగ్గా, ఎంత ఒంటరిగా అవుతుందో ఈమె ఉన్నది ఉన్నట్టు రాసింది. కానీ కథ పెద్ద మలుపు మొత్తం డాఫ్నీకి ఇచ్చేసి ఎలెన్‌ని పక్కకి జరిపింది. అక్కడ 23 మాటే నిజం, ఒప్పుకోక తప్పదు.

ఆఖరి పుస్తకం చదివాక తనకి ఇంకా బలం వచ్చింది. అందులో జో జోన్స్ అనే పిల్ల. నాన్నకి బోలెడు డబ్బు, కానీ పద్ధతి తెలియదు. గట్టిగా అరుస్తాడు, డబ్బు చూపించుకుంటాడు. కూతురూ అంతే. ఆమె తప్పు చేస్తే మాత్రం స్కూలు నుంచి పంపించేస్తారు. "డాఫ్నీకి మర్యాద తెలుసు కాబట్టి మాఫీ. జోకి తెలీదు కాబట్టి బస్సెక్కు. ఎవరిని క్షమించాలో వాళ్ల దగ్గర లిస్టుందే" అంది 23. పదిహేనేళ్ల పిల్ల. నేను ఆ పుస్తకాల గురించి ఇంతకంటే మంచి మాట ఇంతవరకూ వినలేదు.

అదే రచయిత్రి సెయింట్ క్లేర్స్ అని ఇంకో స్కూలు కథలు రాసింది. 1943లో వచ్చినదాంట్లో సర్కస్‌లో పెరిగిన కార్లోటా ఉంటుంది. ఆ సంగతి పట్టుకుని ఒక పిల్ల ఏడిపించాలని చూస్తే మిగతావాళ్లు కార్లోటా వైపే నిలబడతారు. గూడెం నుంచి, తండా నుంచి వచ్చి సిటీ కాలేజీలో "మీరు అడవిలో ఏం తింటారు" అని అడిగించుకున్నవాళ్లకి కార్లోటా నచ్చుతుంది.

మన హాస్టళ్ల మీద ఇలాంటి కథలు నాకు ఎక్కువ దొరకలేదు. గురుకులం పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది, 2017లో సినిమా వచ్చింది. గర్వంగానే ఉంటుంది. కానీ అది శిఖరం కథ. నాకు డార్మిటరీ కథ కావాలి. ఫస్ట్ ర్యాంకు నుంచి ఏడో ర్యాంకుకి పడిన పిల్లది, ఆ పక్క మంచం పిల్లది. 23కి చెబితే "నువ్వే రాయవే, నాకు డ్యూటీ ఉంది" అంటుంది. తను ఇప్పుడు వరంగల్‌లో నర్సింగ్ చేస్తోంది.

తమ్ముడు అడిగిన ప్రశ్నకి జవాబు: వాక్యాలు చిన్నవి, మాటలు తేలిక, ఎక్కువగా సంభాషణలే. మొదటిది కష్టమనిపిస్తే ఒక్కో అధ్యాయం రెండేసిసార్లు చదువు, మూడో అధ్యాయానికి దారి దొరుకుతుంది.

రెండో పుస్తకం, అదే పాత కాపీ, మా దగ్గరే ఉంది. ఫేర్‌వెల్ రోజు ఇంగ్లీషు మేడం మా ఇద్దరికీ కలిపి ఒకటే ఇచ్చారు. ఆరు నెలలు తన దగ్గర, ఆరు నెలలు నా దగ్గర. ఉగాది దాకా నా వంతు. భద్రాచలం, కొత్తగూడెం వైపు ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఇస్తాను. తిరిగి ఇవ్వాలి. మార్జిన్లలో పెన్సిల్ రాతలు ఉంటాయి, చెరపకండి.