సుద్ద అంటిన పళ్ళు

రెండో తరగతి పిల్లాడు పలక పట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. కూడికలు దిద్దుతూ ఏదో అడిగాను. వాడు జవాబు చెప్పకుండా నా నోటి వంకే చూస్తున్నాడు. "టీచర్, మీ పండ్లకు సుద్దంటింది" అన్నాడు. వెక్కిరించే పిల్లాడు కాదు. సుద్ద అంటితే తుడుచుకోవాలి కదా, అందుకని చెప్పాడు. నేను నిజంగానే చీరకొంగుతో తుడుచుకున్నాను. వాడు మళ్ళీ పరీక్షగా చూసి "పోలే టీచర్" అన్నాడు.

క్లిప్పులు తీయించుకుని అప్పటికి పన్నెండు రోజులు.

నాకు చిన్నప్పటి నుంచి పై వరసలో పన్ను మీద పన్ను. ఇంట్లో అప్పట్లో దానికి డబ్బులు పెట్టే పరిస్థితి లేదు, అడగాలని నాకూ అనిపించలేదు. ఎస్‌జీటీ ఉద్యోగం వచ్చాక, జీతంలోంచి నెలనెలా కట్టేలా మాట్లాడుకుని 2023 ఫిబ్రవరిలో క్లిప్పులు వేయించుకున్నాను. "ఈ వయసుల ఎందుకే బిడ్డా" అంది అమ్మ. ఇరవై రెండు నెలలు మోశాను. వైరు గుచ్చుకుని బుగ్గ లోపల పుళ్ళు, వాటికి అడ్డంగా మైనం ముద్దలు, జొన్నరొట్టెను పప్పుచారులో నానబెట్టుకుని మింగడం, అన్నీ అలవాటయ్యాయి.

2024 డిసెంబరు మొదటి వారంలో తీశారు. ఒక్కో బ్రాకెట్‌ను ప్లయరుతో నొక్కుతుంటే టక్కుమన్న చప్పుడు పుర్రె లోపల వినిపించింది. తర్వాత పంటికి అంటుకుని ఉన్న గమ్మును చిన్న డ్రిల్లుతో గీకారు. నాలుకతో తడిమితే పళ్ళు కడిగిన గాజుగ్లాసులా జారాయి. బస్టాండు దగ్గర జామకాయ కొని, ముక్కలు కోయించకుండా కొరికి తిన్నాను. ఆ ఒక్క సాయంత్రం బాగా గడిచింది.

ఇంటికి వచ్చి ట్యూబులైటు కింద అద్దంలో చూసుకున్నాను. బ్రాకెట్ ఉన్నచోట పన్ను మామూలు రంగులో చతురస్రంగా ఉంది. దాని చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లటి అంచు. కోరపళ్ళ మీదా వాటి ముందు పళ్ళ మీదా మరీ ఎక్కువ. పంటి పంటికీ ఎవరో ఫ్రేము కట్టి పోయినట్టుంది. తీసిన డాక్టరుకు ఫోన్ చేస్తే "కొందరికి వస్తయమ్మా, మెల్లగ కలిసిపోతయి" అన్నారు. ఎందుకు వస్తాయో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఎందుకొచ్చాయో ఇప్పుడు తెలుసు, దాపరికం లేకుండా చెబుతాను. క్లిప్పులున్న పళ్ళను రాత్రి పడుకోబోయే ముందు బ్రాకెట్ పైనా కిందా విడివిడిగా తోమాలి. నేను పొద్దున ఒక్కపూటే, అదీ బస్సు టైము చూసుకుంటూ తోమేదాన్ని. స్టాఫ్‌రూంలో చక్కెర చాయ్ రోజుకు నాలుగుసార్లు. నెలనెలా చూపించుకోవాల్సింది 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికల డ్యూటీ అని, 2024 మేలో పార్లమెంటు ఎన్నికలని, ఆ నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే అని మానేశాను. సర్వే రోజుల్లో ఏ ఇంటికి పోయినా చాయ్ ఇచ్చారు. కాదంటే బాధపడతారని తాగాను. పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైపొరలోని కాల్షియాన్ని కరిగిస్తుంది. బ్రాకెట్ కింద గమ్ము ఉన్నచోట పన్ను భద్రంగా ఉంది, చుట్టూ కరిగింది. ఫ్రేము అలా తయారైంది.

ఇదేమీ తెలియని నేను, మచ్చ అంటే మురికి అనుకున్నాను. మురికైతే తోమితే పోవాలి.

ముందు నిమ్మరసంలో వంటసోడా కలిపాను. గిన్నెలో బుసబుస పొంగుతుంటే చాలా బలమైన మందులా కనిపించింది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, తొమ్మిది రోజులు. ఇరవై రెండు నెలల్లో రాత్రిపూట తోమని మనిషిని, ఇప్పుడు రెండు పూటలా వదలకుండా తోమాను. మూడో రోజుకే పచ్చి చింతకాయ తిన్నట్టు పళ్ళు పులిశాయి. పనిచేస్తోందనుకున్నాను. తర్వాత బొగ్గుపొడి. మా నాయనమ్మ కచ్చికతో తోముకునేది, పోయేదాకా ఒక్క పన్ను కూడా ఊడలేదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ పళ్ళు చివరికి సగానికి అరిగి ఉండేవన్న సంగతి ఆ తొందరలో గుర్తు రాలేదు.

పిల్లాడు సుద్ద మాట అన్నది ఈ రోజుల్లోనే. ఆ రాత్రే ఫోన్లో వెతికి, పళ్ళు తెల్లబరిచే కిట్టు ఒకటి ఆర్డరు పెట్టాను. నీలం లైటు, మూడు సిరంజీల జెల్. జెల్‌లో ఏ మందు ఎంత శాతం ఉందో డబ్బా మీద ఎక్కడా లేదు. లైటు ఎన్ని రంగుల్లో వెలుగుతుందో మాత్రం వివరంగా ఉంది. ఇరవై నిమిషాలు పెట్టుకోమన్నారు. దాంతో వచ్చిన రబ్బరు అచ్చు నా నోటికి సరిపోలేదు. క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా ఇచ్చిన ప్లాస్టిక్ రిటైనర్ ఉంది కదా, నా పళ్ళ కొలతకే చేసింది, అందులో జెల్ నిండుగా పిండుకుని పెట్టుకుని పడుకున్నాను. ఇరవై నిమిషాలకు ఇంత తెలుపైతే రాత్రంతా ఉంచితే ఎంత తెలుపో అని లెక్క. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని.

అది సంక్రాంతి సెలవుల్లో, భోగి ముందురోజు రాత్రి.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. మొదట కల అనుకున్నాను. ముందు పంటిలో కరెంటు తీగ తగిలినట్టు ఒక్క మెరుపు, అది పక్క పంటికి పాకింది, అక్కడి నుంచి కంటి కిందికి. ఆగింది. ఊపిరి పీల్చగానే మళ్ళీ. రిటైనర్ లాగి పడేసి నీళ్ళు పుక్కిలించాను. కుండలో చన్నీళ్ళు. ఆ పుక్కిలింతకు గోడ పట్టుకుని కిందికి కూలబడ్డాను. అరుపు రాలేదు, నోరు తెరిస్తే గాలి తగులుతుందని. అద్దంలో చూస్తే చిగుళ్ళ అంచు కాగిన పాల మీది పొరలా తెల్లగా లేచి ఉంది. వేలు పెడితే ఊడి వచ్చింది.

బయట భోగిమంటలు వేస్తున్నారు. అమ్మ పిలిచింది. నేను తువ్వాలు మూతికి అడ్డం చుట్టుకుని మంట దగ్గర కూర్చున్నాను. చలికి అనుకున్నారు అందరూ. ఆ పండక్కి అమ్మ చేసిన సకినాల్లో ఒక్కటి కూడా కొరకలేదు. గోరువెచ్చటి గంజి, అదీ నాలుక మీద మెల్లగా జారవిడుచుకుని తాగాను. మాట్లాడినా మెరుపే. స్కూలు తెరిచాక రెండు రోజులు చేతి రుమాలు అడ్డం పెట్టుకుని పాఠం చెప్పాను. పద్యం చదివించాల్సి వస్తే పిల్లలతో చదివించాను.

ఐదారు రోజులకు మెరుపులు తగ్గాయి. నన్ను నిజంగా కుంగదీసింది ఆ తర్వాతిది. చిగుళ్ళు మంటగా ఉన్నాయని రిటైనర్ పెట్టుకోవడం మానేశాను. పదకొండో రోజు పెట్టుకోబోతే ఎక్కలేదు. ఎడమ పక్క అర గోరంత ఎత్తులో ఆగిపోయింది. ఒత్తితే పంటి మొదట్లో నొప్పి. క్లిప్పులు తీసిన కొత్తలో ఎముక ఇంకా గట్టిపడి ఉండదు, పళ్ళు పాతచోటికి పోవాలని చూస్తాయి. ఇరవై రెండు నెలలూ, నెలనెలా కట్టిన వాయిదాలూ మంచం మీద నా చేతిలో ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కలా కనిపించాయి. ఆ రాత్రి ఏడ్చాను. మచ్చల కోసం ఒక్కసారి కూడా ఏడవలేదు.

నల్గొండలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చేసినవన్నీ వరసగా చెప్పాను, నీలం లైటుతో సహా. ఆమె తిట్టలేదు. నోరు తెరవమని, దూది అడ్డం పెట్టి, పంటి మీద గాలి కొట్టబోతూ "జివ్వుమంటది, ఓర్చుకోమ్మా" అంది. గాలికి పన్ను ఆరేకొద్దీ తెల్లమచ్చ పెద్దదైంది. అద్దంలో నాకే చూపించింది. తడిస్తే తగ్గింది. ఆరితే మళ్ళీ పెరిగింది.

"చూసినవా? మురికైతే గాలికి పెరగదు" అంది. పైపొర కింద కంటికి కనపడని బొక్కలు పడ్డాయట. వెలుతురు గట్టి పంటిలోంచి ఒకలా పోతుంది, నీళ్ళు నిండిన బొక్కల్లోంచి మరోలా, గాలి నిండితే ఇంకోలా. అక్కడ చెల్లాచెదురై వెనక్కి కొడుతుంది కాబట్టి తెల్లగా కనపడుతుంది. సుద్ద తెల్లగా ఉండేదీ దాదాపు అందుకేనట. పిల్లాడు సరిగ్గానే చెప్పాడు. నేను ఇన్నాళ్ళూ పంటి మీద ఎక్కినదాన్ని తీయాలని చూశాను. అక్కడ జరిగింది పంటిలోంచి పోవడం. పోయినచోట నిమ్మరసం పోసి ఇంకాస్త కరిగించాను. మెత్తబడిన పొరను బొగ్గుతో రుద్దాను. ఆ పైన జెల్, అందులో ఉన్నది పెరాక్సైడే అయి ఉంటుందట. అది మంచి పంటిలోంచి కూడా నిమిషాల్లో లోపలి నరం దాకా దిగుతుందట. నా పంటికి అడ్డే లేదు.

ఇంకో సంగతి కూడా పట్టుకుంది. ముందు పళ్ళ మీద అక్కడక్కడా పాత గమ్ము ఇంకా సన్నటి పొరగా ఉంది. బ్రాకెట్ అతికించేముందు ఫాస్ఫారిక్ ఆమ్లంతో పన్ను పైభాగాన్ని గరుకు చేస్తారు, గమ్ము ఆ గరుకులోకి దిగి పట్టుకుంటుంది. అది ఉన్నచోట జెల్ సరిగా పనిచేయదు, అక్కడక్కడ తెలుపు, అక్కడక్కడ పసుపు. క్లిప్పులు తీసిన వెంటనే తెల్లబరచబోవద్దని, ముందు గమ్మూ గారా శుభ్రంగా తీయించి పంటిని కోలుకోనివ్వాలని ఆమె చెప్పిన మాట ఎవరైనా డిసెంబరులో చెప్పి ఉంటే వినేదాన్నా? ఏమో.

అప్పుడు ముందు పళ్ళ మీది గోధుమ చారలు చూసి "ఏ ఊరమ్మా మీది?" అంది. మర్రిగూడ వైపని చెప్పగానే ఇంకేమీ అడగలేదు. మా వైపు పళ్ళు చూసి ఊరు చెప్పగలరు. కృష్ణా నీళ్ళు రాకముందు బోరునీళ్ళు తాగి పెరిగిన వాళ్ళం. పన్ను చిగురు లోపల తయారవుతున్న చిన్నవయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ చారలు పడతాయి, అవి నీళ్ళ గుర్తులు. తెల్ల ఫ్రేములు క్లిప్పుల గుర్తులు. రెండూ ఒకటే అనుకుని రెండింటినీ కలిపి తోమాను.

మందుచీటీ మీద ఫ్లోరైడ్ వార్నిష్, ఫ్లోరైడ్ పేస్టు అని రాస్తే నేను కుర్చీలోంచి లేచాను. "మేడం, ఫ్లోరైడా? మా ఊరికి చేసింది సాలదా?" నవ్వింది. తాగే నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదం, ఎందుకంటే ఏళ్ళ తరబడి రోజూ కడుపులోకి పోతుంది. పేస్టులో అంతకు కొన్ని వందల రెట్లు ఉంటుంది, కానీ పంటికి రాసి ఉమ్మేస్తాం, మింగం. పైపైన తగిలితే కరిగిపోయిన కాల్షియం తిరిగి చేరడానికి సాయపడుతుంది. బుద్ధి ఒప్పుకుంది. చెయ్యి మాత్రం మొదటి వారం బఠాణీ గింజంత పేస్టు తీసుకోవడానికి కూడా వణికింది. మా ఊళ్ళో కాళ్ళు వంకరపోయిన పెద్దమనుషులను చూస్తూ పెరిగినదాన్ని, ఆ మాట వింటే ఒళ్ళు అలాగే జలదరిస్తుంది.

రిటైనర్ కొత్తది చేయించింది. జరిగిన పన్ను కొంతవరకు వెనక్కి వచ్చింది, పూర్తిగా రాలేదు. మిగిలిన గమ్మును నునుపుగా తీసింది. తర్వాత మూడు నెలలు తెల్లబరిచే ఊసే లేదు. జివ్వుమనడం తగ్గడానికి పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు, రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోమి ఉమ్మేసి నీళ్ళతో పుక్కిలించకుండా పడుకోవడం, స్టాఫ్‌రూం చాయ్ రోజుకు ఒక్కటే, అదీ చప్పగా. పులుపు తింటే వెంటనే తోమవద్దు, నీళ్ళతో పుక్కిలించి ఊరుకోవాలి. ఏప్రిల్ నాటికి అంచులు కొన్ని మసకబారాయి.

మే సెలవుల్లో అసలు పని మొదలైంది. నోటి అచ్చు తీసి పల్చటి ట్రేలు చేయించింది, అంచులు చిగుళ్ళకు తగలకుండా కత్తిరించి. పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్, అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ బలం మూడున్నర శాతం దాకా. ఒక్కో పంటికి బియ్యపు గింజంత. రోజు మార్చి రోజు. జివ్వుమంటే ఆపి రెండు రోజులు విడుపు. మొదటి వారం మచ్చలు ఇంకా తెల్లగా తేలాయి. ముందే చెప్పింది కాబట్టి గుండె జారలేదు. తర్వాత చుట్టూ ఉన్న పన్ను రంగు తేలికపడుతూ వచ్చి, ఫ్రేముకూ పంటికీ తేడా తగ్గింది. గోధుమ చారలు సగం పోయాయి.

ఈ పద్ధతి పుట్టిందే క్లిప్పుల డాక్టరు దగ్గరట. 1960ల చివర్లో అమెరికాలో అర్కాన్సా రాష్ట్రంలో ఒకాయన, చిగుళ్ళు మానడానికని ఈ మందునే రిటైనర్ లాంటి అచ్చులో పెట్టి రాత్రి వాడమన్నాడు. చిగుళ్ళతో పాటు పళ్ళూ తెల్లబడ్డాయి. నేను భోగి ముందురోజు రాత్రి చేసిన పనే. తేడా అంతా మందు బలంలో, పిండిన కొలతలో, అంతకుముందు తొమ్మిది రోజుల నిమ్మరసంలో ఉంది.

మే నెల అంటే మా ఇంట్లో మామిడికాయ తొక్కు పెట్టే నెల. కారం, పసుపు, పులుపు మూడూ వద్దంది డాక్టరమ్మ. జాడీ మూత తీసినప్పుడల్లా ఇంకో గదిలోకి పోయాను. చింతచిగురు పప్పు వండిన రోజు ఇంటికి రావద్దని పక్కింటావిడకు చెప్పాను, అయినా ఆమె తేకుండా ఉండలేదు.

ఎడమ కోరపంటి మీద ఒక మచ్చ అలాగే ఉంది. బొక్కల్లోకి పల్చటి రెజిన్ దించితే వెలుతురు నేరుగా పోతుంది, మచ్చ కలిసిపోతుంది అంటోంది డాక్టరమ్మ. తెల్లబరచడం ఆపి రెండు వారాలైనా ఆగితే గానీ రెజిన్ సరిగా పట్టదట. ఆ రెండు వారాలు ఎప్పుడో అయిపోయాయి. డబ్బులు చూసుకుని దసరాకు అన్నాను. మిగిలిన జెల్ సిరంజి ఫ్రిజ్ తలుపులో నిమ్మకాయల పక్కన ఉంది. అమ్మ వచ్చినప్పుడల్లా దాన్ని తీసి చూసి, "ఈ సూదిమందు ఎవలిదే" అని అడుగుతుంది.